సంఘంలోనే ఉండాలా, బయటికి రావాలా?

ఉప్పాడ బీచ్ రోడ్డును సముద్రం కోసేస్తూనే ఉంది. అదే తీరాన కేజీ బేసిన్ గ్యాస్ పైకొస్తోంది. ఇక్కడ ఏ కంపెనీ 'నెట్ జీరో' (వదిలే కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తాం) అన్నా, అది సభ్యురాలిగా ఉన్న పరిశ్రమ సంఘం ఢిల్లీలో ప్రభుత్వాన్ని ఏం అడుగుతోందో చూడాలి. సంఘం దీనికి అడ్డంగా వాదిస్తుంటే కంపెనీ అందులోనే ఉండాలా, బయటికి రావాలా అన్నదే ప్రశ్న. మాట ఒకటి, సంఘం అడిగేది ఇంకొకటి అయితే నోటితో పలకరించి నొసటితో వెక్కిరించినట్టే.

ఫ్రెంచ్ చమురు కంపెనీ టోటల్ 2021లో అమెరికా చమురు, గ్యాస్ కంపెనీల సంఘం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నుంచి బయటికొచ్చింది. మీథేన్ నిబంధనల సడలింపు, ఎలక్ట్రిక్ వాహనాల సబ్సిడీ, కార్బన్ ధర (ఉద్గారాలకు రుసుము), అన్నిటా సంఘంతో పేచీయే. షెల్, బీపీ అనే చమురు కంపెనీలు లోపలే ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో సంఘం కార్బన్ ధరకు సరేనంది. అయితే లోపల ఎవరు ఎంత గట్టిగా అడిగారో బయటివాళ్లకెలా తెలుస్తుంది?

నా ఓటు బయటికి రావడానికే. లోపల ఉంటామనేవాళ్లు కనీసం ఏం అడిగారో రాసి చూపించాలి. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీల నుంచి అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదికలో ప్రధాన సంఘాల పేర్లు రాయడం తప్పనిసరి. ఏ విధానం కోసం వాదించారో చెప్పడం మాత్రం కంపెనీ ఇష్టం.