గొడవ మధ్యలో అరగంట: దంపతుల థెరపీలో నాకు నిజంగా పనికొచ్చింది ఇదే

దంపతుల థెరపీ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్క నియమం గురించే. గొడవ ముదురుతున్నప్పుడు ఇద్దరిలో ఎవరైనా "విరామం" అనొచ్చు. అన్నవాళ్ళే ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పాలి, ఆ టైముకి వచ్చి కూర్చోవాలి. సెషన్లలో విన్న మిగతావి చాలావరకు మరిచిపోయాను. ఇది మాత్రం మా ఇంట్లో పాతుకుపోయింది.

మావారు విశాఖ స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి ఎంవీపీ కాలనీలో ఫ్లాటుకి వచ్చాం. అమ్మాయి అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉంది. ఏళ్ళ తరబడి ఎ, బి, సి షిఫ్టుల లెక్కన నడిచిన ఇంట్లో ఇద్దరం పొద్దస్తమానం ఎదురెదురుగా. కుక్కరు విజిల్ దగ్గర మొదలైన మాట డబ్బుల దాకా, అక్కణ్ణుంచి వాళ్ళ అన్నయ్య దాకా పోయేది. ఆ తర్వాత రోజుల తరబడి మాటలుండేవి కావు.

మొదట వెళ్ళిన ఒక కౌన్సెలర్ "ఈ వయసులో సర్దుకుపోవాలమ్మా" అని పంపేశారు. ఆ మాట వినడానికి నేను అక్కడిదాకా వెళ్ళలేదు. రెండోసారి క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి మరీ వెళ్ళాం. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. మావారి భయం వేరు: ప్లాంటువాళ్ళకి తెలిస్తే? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత హక్కు ఉందని, ప్రాణాపాయం లాంటిది ఉంటే తప్ప గదిలో మాట బయటికి పోదని ఆవిడ మొదటి రోజే వివరించాకగానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు.

విరామం ఎందుకో ఆవిడ చెప్పిన తీరు మావారికి నచ్చింది. గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట చెవిన పడుతుందిగానీ బుర్రకెక్కదు. ఒళ్ళు చల్లబడటానికి తక్కువలో తక్కువ 20 నిమిషాలు పడుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు దంపతుల మీద పరిశోధన చేస్తూ, వాళ్ళు వాదించుకుంటుంటే పరికరాలు సరిచేయాలని మధ్యలో ఆపి, ఆ విషయం మాట్లాడుకోకుండా అరగంట పత్రికలు చదువుకోమన్నారట. మళ్ళీ మొదలుపెట్టేసరికి గుండె వేగం తగ్గింది, మాట తీరూ మారింది. ఆ పత్రికల్లోనే కిటుకంతా ఉంది. విరామంలో కూర్చుని "వచ్చాక ఇలా అంటాను" అని జవాబులు అల్లుకుంటూ ఉంటే ఎంతసేపైనా కోపం దిగదు. అందుకని నేను చింతపండు ముందేసుకుని గింజలు, ఈనెలు తీస్తాను. ఆయన వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో, షిఫ్ట్ లాగ్‌బుక్‌లో రాసినట్టే, "విరామం 7.10, రిటర్న్ 7.40" అని రాసి మేడ మీదికి వెళ్తారు.

ఈ నియమం ఘోరంగా దెబ్బతిన్న రోజొకటుంది. పీఎఫ్ డబ్బులో కొంత పెట్టి శ్రీకాకుళం దగ్గర ఊళ్ళో పాత ఇల్లు బాగుచేయించాలని ఆయన, అమ్మాయి పెళ్ళయ్యేదాకా రూపాయి కదపొద్దని నేను. ఆయన "విరామం" అన్నారు, ఎనిమిదింటికి వస్తానన్నారు, ఫోన్ టీవీ పక్కన వదిలేసి కిందికి దిగిపోయారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. చారు మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టాను. వాచ్‌మన్‌ని అడిగితే అప్పూఘర్ బీచ్ వైపు నడిచి వెళ్ళారన్నాడు. పది దాటాక ఇసుక అంటిన చెప్పులతో వచ్చి, "ఆకలి లేదు" అని పడుకున్నారు. ఆ రాత్రి నా కోపం డబ్బు గురించి కాదు.

తర్వాతి సెషన్‌కి నేను తీర్పు కోసం వెళ్ళాను. ఆవిడ తీర్పు చెప్పలేదు. "ఎనిమిది నుంచి పది దాకా మీకు ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగారు. గొంతు బిగుసుకుపోయిందని చెబుతూ చెబుతూ, మా నాన్న అమ్మతో గొడవపడి వెళ్ళిపోతే వీధి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన చిన్ననాటి రాత్రుల గురించి చెప్పేశాను. ఇన్నేళ్ళ కాపురంలో మావారికి ఆ సంగతి తెలియదు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రిటైరయ్యాక నేను ఏ టైముకొచ్చినా ఎవరికీ ఒకటే అనుకున్నాను" అన్నారు. ఆయనలో అంత వెలితి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. ఆ రోజు నియమాన్ని కాస్త మార్చుకున్నాం: ఇంకా చల్లారకపోతే మరో అరగంట అడగొచ్చు, కానీ ఎదురుగా వచ్చి అడగాలి. బయటికి వెళ్తే ఫోన్ వెంట ఉండాలి.

అప్పట్లో మా అక్కకి ఫోన్ చేసి "గొడవలే పోయాయే" అన్నాను. ఇప్పుడైతే అలా అనను. గొడవలు ఉన్నాయి. రోజుల తరబడి మాట్లాడుకోకపోవడం మాత్రం పోయింది. ఊళ్ళో ఇంటి సంగతి ఇంకా తేలలేదు. మా అత్తగారు వచ్చి ఉన్నప్పుడు ఈ పద్ధతి సాగదు, ఆవిడ ముందు విరామం అంటే "ఏమైందిరా?" అని ఆయన వెనకాలే మేడెక్కుతారు. పైగా ఉక్కునగరంలో రోజూ పలకరించుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా దూరమైన దిగులుంది నాకు. దానికి ఈ జంట సెషన్లు పనిచేయలేదు. దానికోసం నేనొక్కదాన్నే విడిగా వెళ్తున్నాను. అక్కడ ఫలితం చాలా నెమ్మది. మనసారా ఏడవడానికి ఒక గంట దొరుకుతోంది, ప్రస్తుతానికి అదే నాకు పెద్ద సంగతి.

మీకూ పనికొస్తుందా అంటే గట్టిగా చెప్పలేను. మా విషయంలో ఇద్దరికీ వెళ్ళాలని ఉంది, ఫీజు కట్టగలిగాం, ఆవిడ మా తెలుగులోనే మాట్లాడారు. ఫీజు భారమైతే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడి చూద్దామంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: భర్త చెయ్యి చేసుకునే ఇంట్లో ఈ విరామం నియమంతో మొదలుపెట్టకండి. జంట సెషన్‌లో భర్త పక్కన కూర్చుని విప్పి చెప్పిన మాటకి ఇంటికెళ్ళాక దెబ్బలు తినాల్సి రావచ్చు. అలాంటివాళ్ళు ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, సాయం విడిగా తీసుకోండి.