సోడాబుడ్డి అద్దాలతో సినిమాస్కోప్: నాలుగేళ్లు వాడాక

మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే షాట్‌ని స్కోప్‌లో, అంటే పెద్ద తెర సినిమాలా బాగా వెడల్పుగా, తీయాలని నాకు చాలా ఏళ్ల కోరిక. తీశాను కూడా, మూడు పెళ్లిళ్లలో. మూడుసార్లూ అమ్మాయి మొహం తప్ప అన్నీ ఫోకస్‌లో వచ్చాయి. వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు, మేళగాళ్లు, ఒకసారైతే ఐస్‌క్రీమ్ స్టాల్ బోర్డు మీద ధరలతో సహా.

తప్పు నాది కొంత, నా స్కోప్ లెన్స్‌ది చాలా. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగు సినిమాకి స్కోప్ వచ్చింది. ఆ తర్వాత థియేటర్ల ప్రొజెక్టర్ల ముందు దశాబ్దాల పాటు వెలిగిన ఆ గాజుగుండ్లు, డిజిటల్ వచ్చాక తుక్కు సామాన్లలోకి చేరాయి. అలా మూతపడ్డ ఒక థియేటర్ సామాను అమ్ముతుంటే 2019లో నేనొకటి తెచ్చుకున్నాను. కిలోకి పైనే బరువు, రెండు రెట్ల స్క్వీజ్, అంటే బొమ్మని అడ్డంగా సగానికి నొక్కుతుంది. వెనకాల 58 మిల్లీమీటర్ల పాత రష్యన్ హీలియోస్ లెన్స్, దాని వెనకాల పానాసోనిక్ జీహెచ్5 కెమెరా. 4:3 ఫ్రేములో తీసి, ఎడిటింగ్‌లో అడ్డంగా రెండు రెట్లు సాగదీస్తే, ఎత్తుకి 2.66 రెట్ల వెడల్పున్న బొమ్మ వస్తుంది.

అసలు బాధ ఫోకస్. ప్రొజెక్టర్ లెన్స్‌కి తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. ఒకసారి సరిచేసి బిగిస్తే మళ్లీ ముట్టుకోవాల్సిన పనే లేదు. మనకేమో మనిషి కదులుతాడు. హీలియోస్ రింగు మూడు మీటర్ల మీద పెట్టి, స్కోప్ రింగూ మూడు మీటర్ల మీద పెట్టాలి. రెండూ కలిస్తేనే బొమ్మ. ఒకటి కాస్త అటూ ఇటూ అయితే నిలువు గీతలో అడ్డగీతలో ఏవో ఒకటి మసగ్గా వస్తాయి. రెండు రింగుల మీదా టేపు అంటించి గుర్తులు రాసుకున్నాను. కూర్చున్న మనిషికి అది చాలు. బుట్టలో వచ్చే పెళ్లికూతురికి చాలదు. ఆరు మీటర్ల నుంచి రెండు మీటర్లకి పది సెకన్లలో వచ్చేస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. స్కోప్‌నీ హీలియోస్‌నీ రెండింటినీ అనంతం మీద, అంటే చాలా దూరాన ఉన్నవి స్పష్టంగా పడే చోట, బిగించేసి, ముందు ఒక ప్లస్ అద్దం, ఒక మైనస్ అద్దం పెట్టి, వాటి మధ్య ఖాళీతోనే ఫోకస్ నడిపించడం. రెక్టీలక్స్, ఎస్ఎల్ఆర్ మ్యాజిక్ రేంజ్‌ఫైండర్ లాంటివి ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. వాటి ధర చూశాక ఇది నా పెళ్లిళ్ల లెక్కలో పడదని అర్థమైంది.

2021లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో ఉన్న చిన్న కళ్లద్దాల షాపుకి వెళ్లాను. షాపు పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. నాకు ప్లస్ నాలుగు ఒకటి, మైనస్ నాలుగు ఒకటి కావాలి, ఫ్రేమ్ వద్దు, కట్ చేయని గుండ్రటి అద్దాలు అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి నన్నోసారి చూశారు. “ఎవరికి?” అన్నారు. కెమెరాకి అన్నాను. కూర్చో అబ్బాయ్ అని స్టూలు లాగారు.

కళ్లు పరీక్ష చేసే పెట్టె తెరిచి మైనస్ నాలుగు తీశారు. చెయ్యి చాపి, అద్దంలోంచి గోడ మీది క్యాలెండర్ చూస్తూ అద్దాన్ని అటూ ఇటూ ఊపారు. అద్దం ఎటు పోతే క్యాలెండరూ అటే పోతోంది. ప్లస్ నాలుగు పట్టుకుంటే క్యాలెండర్ ఎదురు దిక్కుకి పోతోంది. రెండూ కలిపి ఊపారు. కదల్లేదు, మామూలు గాజుపలక లాగా. “సున్నా,” అన్నారు. ఆ తర్వాత రెండింటినీ రెండు వేళ్ల వెడల్పు విడదీసి నా కంటి ముందు పెట్టారు. క్యాలెండర్ మసకబారింది, ఆయన బల్ల మీది బిల్లు పుస్తకం దగ్గరకొచ్చింది.

“ఖాళీ ఇస్తే ప్లస్ పెరుగుతుంది. మీ నాన్న పేపర్ చదివేటప్పుడు కళ్లజోడు ముక్కు చివరికి దించుకుంటాడు కదా, అదే ఇది,” అన్నారు. నేను రెండు నెలలు పుస్తకాలతో కుస్తీ పట్టి తెలుసుకున్నది ఆయన ముక్కు మీద చూపించేశారు.

లెక్క కూడా సులువే. మధ్య ఖాళీని మీటర్లలో రాసి, రెండు పవర్లతో గుణిస్తే పుట్టే ప్లస్ వస్తుంది. 30 మిల్లీమీటర్లకి 0.03 ఇంటూ 4 ఇంటూ 4, అంటే 0.48. ఒకటిని దాంతో భాగిస్తే దూరం వస్తుంది, అంటే సుమారు రెండు మీటర్ల దగ్గరున్న మనిషి స్పష్టం. కాగితం మీద బ్రహ్మాండం.

ఇంటికొచ్చి అమర్చాక మొదటి దెబ్బ తగిలింది. రెండు అద్దాలకీ మందం ఉంది, వంపు ఉంది. ఎంత దగ్గరికి తెచ్చినా లెక్కలో ఆరు మిల్లీమీటర్ల కంటే తగ్గడం లేదు. అంటే 0.1 ప్లస్ ఎప్పుడూ మిగిలిపోతోంది. పది మీటర్లు దాటిందంతా మసక. మండపం చివర నిలబడ్డ వియ్యంకులు, బయట లైటింగు, ఆకాశం, ఏదీ పడదు. మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. విని, ఒక్క క్షణం ఆలోచించి, “ప్లస్‌లో పావు తీసెయ్,” అన్నారు.

ప్లస్ 3.75, మైనస్ 4. కలిపి పెడితే పావు మైనస్. దాంతో అనంతం అతుక్కున్నచోట కాకుండా 17 మిల్లీమీటర్ల ఖాళీ దగ్గర పడుతుంది. అక్కడి నుంచి 30కి లాగితే ఐదు మీటర్లు, 50కి లాగితే రెండు మీటర్లు. అనంతం అవతల కూడా కాస్త జాగా మిగిలింది. మైనస్‌ని ముందు పెట్టడం వల్ల ఇంకో చిన్న లాభం కూడా వచ్చింది. ముందు మైనస్, వెనక ప్లస్ అంటే వైడ్ యాంగిల్ అడాప్టర్ కట్టే తీరే అది. నాకు వచ్చింది ఆరు శాతం వెడల్పు. ఆరు శాతం ఎంత అనకండి, కల్యాణ మండపంలో గోడకి వీపు ఆనించి నిలబడ్డవాడికి అది ఒక బామ్మగారు ఫ్రేములో పట్టడమో పట్టకపోవడమో.

గొట్టం సంగతి. ప్లంబింగ్ షాపులో 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, దాని మీద రబ్బరు రింగు ఉన్న కప్లర్. లోపలి అడ్డుగట్టు ఆకురాయితో అరగదీస్తే కప్లర్ పైపు మీద జరుగుతుంది. ఆ రబ్బరు రింగు వల్ల వదులుగా జారిపోదు, బిగుసుకుపోదు, నెయ్యి రాసినట్టు నడుస్తుంది. తిప్పే పని లేదు, సైకిల్ పంపులా లాగడం, తోయడం. గుర్తులు పైపు మీదే మార్కర్‌తో గీశాను.

నెల తిరక్కుండానే బుట్ట షాట్ పడింది. మెట్ల దగ్గర నుంచి పీటల దాకా, అమ్మాయి తల వంచుకుని, కొబ్బరిబోండాం పట్టుకుని, ఆద్యంతం ఫోకస్‌లో. ఆ రాత్రి భోజనాల దగ్గర కెమెరా వెనక తెర మీద ఆ షాట్ ఎన్నిసార్లు చూసుకున్నానో నా అసిస్టెంట్‌ని అడగాలి.

నేను ఊహించని సంగతి ఎడిటింగ్‌లో బయటపడింది. అంతకుముందు దగ్గరి షాట్లలో మొహాలు ఉబ్బినట్టు వచ్చేవి. ఒక పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ వీడియో చూసి “మా అమ్మాయి ఇంత లావుగా ఉందా బాబూ” అని అడిగితే, ఏదో లైటింగ్ అని సర్దిచెప్పాను. లైటింగ్ కాదు. స్కోప్ రింగు దగ్గరికి తిప్పితే లోపలి అద్దాల దూరం మారి స్క్వీజ్ రెండు కంటే తగ్గుతుంది. మనం ఎడిటింగ్‌లో మాత్రం రెండు రెట్లూ సాగదీస్తాం. తేడా అంతా బుగ్గల్లో తేలుతుంది. 1950లలో హాలీవుడ్ వాళ్లు కూడా దీంతో వేగి, దీనికి గవదబిళ్లలు అని పేరు పెట్టుకున్నారు. పానావిజన్ కంపెనీకి పేరొచ్చిన కారణాల్లో ఈ గవదబిళ్లలకి మందు కనిపెట్టడం ఒకటి. నా స్కోప్ రింగు ఇప్పుడు అనంతం మీద నుంచి కదలదు కాబట్టి స్క్వీజ్ మారదు. కళ్లద్దాల షాపులో కొన్న రెండు అద్దాలతో ఆ రోగం కూడా కుదిరింది. మొదటి ఏడాది ఎవరు కనిపించినా ఈ కథ చెప్పి విసిగించాను.

ఇప్పుడు కాస్త నిదానంగా చెప్తాను.

మనిషి కంటిపాప మామూలు వెలుతురులో మూడు నాలుగు మిల్లీమీటర్లు. కళ్లద్దాలు ఆ కొలతకి తగ్గట్టు తయారయ్యేవి. హీలియోస్ ఎఫ్2 దగ్గర 29 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి చూస్తుంది. అందుకే ఎఫ్2లో అన్నిటికీ పాలపొర కమ్మినట్టు ఉంటుంది. కొందరికి అది నచ్చుతుంది, నాకూ మొదట్లో నచ్చింది. ఇప్పుడు రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్4 కంటే కిందకి దిగను, వెలుతురుంటే ఇంకా చిన్నది, 5.6. పైన చెప్పిన బుట్ట షాట్ కూడా ఎల్ఈడీ ఫ్లడ్ లైట్ల పుణ్యమే.

అద్దం రకం కూడా చూసుకోవాలి. ఒకసారి షాపులో కుర్రాడు పల్చగా ఉంటాయని పాలీకార్బొనేట్ ఇచ్చాడు. సీరియల్ బల్బుల చుట్టూ ఊదారంగు అంచులు. రంగులు విడిపోకుండా పట్టి ఉంచే గుణాన్ని అబ్బే నంబరుతో కొలుస్తారు. పాలీకి అది 30, మామూలు సీఆర్-39 ప్లాస్టిక్‌కి 58. చవకది మంచిదవడం నా జీవితంలో ఇదొక్కచోటే చూశాను. ఏఆర్ కోటింగ్, అంటే మెరుపు తగ్గించే పూత మాత్రం తప్పదు, కొత్తగా నాలుగు ఉపరితలాలు చేరుతున్నాయి, ఒక్కోటీ నూటికి నాలుగు వంతుల వెలుతురు వెనక్కి కొడుతుంది. కోటింగ్ వేయించినా, లైటు ఎదురైతే స్కోప్ లెన్స్ అడ్డంగా గీసే నీలం గీత పక్కన ఒక పచ్చచుక్క తేలుతుంది. దాన్ని స్టైల్ అని కస్టమర్లకి చెప్తాను.

ఫోకస్ లాగుతుంటే ఫ్రేము కూడా కదులుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, ఊపిరి పీల్చినట్టు. రెండు మీటర్ల దగ్గర మూలలు కొంచెం నల్లబడతాయి. 2.39కి కత్తిరిస్తే పోతాయి కానీ ఆ ఆరు శాతం లాభం కూడా దాంతోనే పోతుంది. పోతే పోయింది.

ఇక రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు, నా పైపు మాత్రం సాగింది. మే నెలలో కారు అద్దాలు మూసి మధ్యాహ్నమంతా ఎండలో వదిలేశాను. సాయంత్రం బిగిస్తే బాగానే ఉన్నట్టు అనిపించింది. స్కోప్‌ని పట్టుకునే పైపు ముక్క కోడిగుడ్డు ఆకారానికి వచ్చి, మధ్యలో ఎప్పుడో లెన్స్ మూడు డిగ్రీలు తిరిగింది. ముహూర్తం తెల్లవారుజామున, నిద్రమత్తు, చిన్న తెర. నేను గమనించలేదు. ఇంటికొచ్చి చూస్తే మండపం స్తంభాలన్నీ కుడికి ఒరిగాయి. సరే అని ఫ్రేముని తిప్పితే, స్తంభాలు నిలబడ్డాయి కానీ వేదిక మెట్లు ఇంకా ఒరిగాయి. స్కోప్ తిరిగితే బొమ్మ తిరగదు, చతురస్రం పక్కకి నొక్కుకుపోతుంది. నిలువు గీతలు ఒక దిక్కుకి, అడ్డగీతలు ఇంకో దిక్కుకి. జీలకర్ర బెల్లం షాట్‌ని వాలు సరిచేసే టూల్‌తో లాగి, అంచులు కోసి, ఎలాగో బయటపడ్డాను. కస్టమర్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం వల్లే ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత ఆటోనగర్‌లో లేత్ షాపుకి పోయి అల్యూమినియం క్లాంపు, మూడు మరలు పెట్టించాను. ఇప్పుడు ప్రతి పెళ్లికీ ముందు ఫోన్ టార్చ్ ఎదురుగా వెలిగించి, నీలం గీత ఫ్రేము అంచుకి సమంగా ఉందో లేదో చూస్తాను. అద్దాల గొట్టం మటుకు పీవీసీయే. గుండ్రటి అద్దాలు తిరిగినా నష్టం లేదు కదా. కారులో మాత్రం వదలను, ఇంట్లో టిఫిన్ క్యారియర్ సంచిలో వస్తుంది.

ఎవరైనా ఇది కట్టుకోవచ్చా అని అడిగితే సూటిగా చెప్పలేను. 2020 నుంచి సిరుయ్ వాళ్ల 1.33 రెట్ల అనామార్ఫిక్ (స్కోప్) లెన్స్‌లు వచ్చాయి, ఒకే రింగు, తేలిక, తలనొప్పి లేదు. అప్పు లేకుండా కొనగలిగితే అదే కొనండి. నాకు రెండు రెట్ల స్క్వీజ్‌లో వెనకాల లైట్లు కోలగా నిలబడే తీరు మీద మోజు, పైగా ఆ గాజుగుండు ముందే ఇంట్లో ఉంది. కెమెరా కుదుపుల్ని మోటార్లతో ఆపే గింబల్ మీద ఒక్కరే పరిగెత్తి తీసే పద్ధతైతే దీని జోలికి రాకండి, బరువుకి మోటార్లు ఏడుస్తాయి. ట్రైపాడ్ మీద, పక్కన ఒక మనిషి సాయంతో, నిదానంగా తీసేవాళ్లకి పనికొస్తుందేమో. నాకైతే యాభైకి పైగా పెళ్లిళ్లలో పనికొచ్చింది.

ముందు అద్దం ఏడాదికోసారి మార్చాలి. తలంబ్రాల బియ్యం నేరుగా వచ్చి తగులుతుంది, పసుపు అంటుకుంటుంది, తొందరలో చొక్కా అంచుతో తుడుస్తాను, గీతలు పడతాయి. మొన్న మళ్లీ షాపుకి వెళ్లాను. ఆయన లేరు, కొత్త కుర్రాడున్నాడు. కంప్యూటర్‌లో నా పేరు కొట్టి పాత బిల్లు తీశాడు. కుడి కన్ను మైనస్ 4, ఎడమ కన్ను ప్లస్ 3.75. తెర వంకా నా వంకా రెండుసార్లు చూశాడు. “ఇంత తేడా ఉంటే తల తిరగదా అన్నా?” అన్నాడు.