వైజాగ్ డాబా మీద నుంచి ఆకాశం: బైనాక్యులరా, టెలిస్కోపా, జేమ్స్ వెబ్ ఫొటోలా... ఏది మేలు?

నెట్‌లో కనిపించే ఒరాయన్ నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) గులాబీ, ఊదా రంగుల్లో మంటలా ఎగసిపడుతూ ఉంటుంది. అదే నెబ్యులాను డాబా మీద టెలిస్కోపులో చూస్తే పలచని బూడిదరంగు పొగలా ఉంటుంది. ఆకాశం మీద కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "అయితే ఫొటోల్లో రంగులు అబద్ధమా, లేక నా టెలిస్కోపు పనికిరానిదా?" అని అడుగుతారు. రెండూ కాదు. కానీ ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా డబ్బు పెట్టి ఏదైనా కొంటే, అది ఆరు నెలల్లో అటక ఎక్కుతుంది.

వైజాగ్‌లో ఉన్నవాళ్ల ముందు స్థూలంగా నాలుగు దారులున్నాయి. బైనాక్యులర్, మామూలు టెలిస్కోపు, ఫోన్‌తో నడిచే స్మార్ట్ టెలిస్కోపు, ఇక ఏదీ కొనకుండా హబుల్, జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపులు పంపిన ఫొటోలు చూడటం. నా మొగ్గు ముందే చెప్తాను. మొదటి కొనుగోలు బైనాక్యులరే కావాలి. ఊరు దాటి వెళ్లే వీలు అస్సలు లేకుండా, డాబా ఒక్కటే దిక్కయినవాళ్లకు మాత్రం ఆరంగుళాల అద్దం, నేల మీద కూర్చునే పీఠం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపు మేలు. ఫొటోలు వీటికి పోటీ కానే కావు, వాటి పని వేరు.

రంగుల సంగతి

మన కంట్లో రంగును పట్టే కణాలు వేరు, చీకట్లో పనిచేసే కణాలు వేరు. ఈ రెండో రకానికి రంగు తెలియదు. నెబ్యులా వెలుగు చాలా మసకగా ఉంటుంది కాబట్టి రంగు కణాలు దాదాపు మేలుకోవు, మనకు బూడిదరంగే మిగులుతుంది. పైగా కన్ను వెలుగును దాచిపెట్టుకోలేదు, క్షణక్షణానికీ కొత్తగా చూస్తుంది. కెమెరా అలా కాదు. నిమిషాలు, గంటల తరబడి అదే చోటు నుంచి వచ్చే వెలుగును పోగుచేస్తుంది. ఒరాయన్ నెబ్యులాలో హైడ్రోజన్ విడిచే ఎరుపు 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. చీకటికి అలవాటు పడిన కన్ను ఆ ఎరుపును దాదాపుగా పట్టుకోలేదు. ఆక్సిజన్ వెలుగు 500 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడ కన్ను చురుగ్గా ఉంటుంది. పెద్ద టెలిస్కోపుల్లో చూసిన కొందరు లేత ఆకుపచ్చ ఛాయ కనిపించిందని చెప్పడానికి కారణం అదే.

కాబట్టి గులాబీ రంగు అక్కడ నిజంగానే ఉంది, మన కన్నే దాన్ని అందుకోలేదు. కానీ అన్ని ఫొటోల విషయంలో ఈ మాట చెప్పలేం. 1995లో హబుల్ తీసిన 'సృష్టి స్తంభాలు' ఫొటోనే చూడండి. దాన్ని మూడు ఫిల్టర్లతో విడివిడిగా, నలుపు తెలుపులో తీశారు. ఒకటి సల్ఫర్ వెలుగు, ఒకటి హైడ్రోజన్, ఒకటి ఆక్సిజన్. తర్వాత సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి సల్ఫర్, హైడ్రోజన్ రెండూ ఎరుపులోనే వెలుగుతాయి. రెండింటినీ ఎరుపుగానే ఉంచితే ఏది ఎక్కడుందో విడదీయలేం. అందం కోసం కాదు, ఏ వాయువు ఎక్కడుందో చూపించడం కోసం ఆ రంగులు వేశారు.

జేమ్స్ వెబ్ ఇంకో అడుగు ముందుకెళ్లింది. 2021 డిసెంబర్ 25న బయలుదేరిన ఈ టెలిస్కోపు అద్దం వ్యాసం 6.5 మీటర్లు. ఇది చూసేది ప్రధానంగా పరారుణ కాంతిని. మన కంటికి అది అసలే కనపడదు. అందుకే పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టి తరంగాలకు నీలం ఇచ్చి మన కంటికి అందే వరుసలోకి మారుస్తారు. గబ్బిలం కూతను మన చెవికి వినపడే స్థాయికి దించి వినిపించినట్టు అన్నమాట. కూత నిజమే, స్థాయి మాత్రం మార్చారు.

వాట్సాప్‌లో తిరిగే 'నాసా ఫొటో' నిజమైనదా కాదా అని అడిగేవాళ్లకు ఒక గుర్తు చెప్తాను. జేమ్స్ వెబ్ ఫొటోల్లో మెరిసే నక్షత్రాలకు ఆరు పెద్ద ముళ్లు, వాటికి తోడు రెండు చిన్నవి ఉంటాయి. షడ్భుజి ఆకారపు అద్దాల వల్ల, ముందున్న చిన్న అద్దాన్ని పట్టుకునే ఊచల వల్ల అవి ఏర్పడతాయి. హబుల్ ఫొటోల్లో నాలుగే ఉంటాయి. అసలు ఫొటో కింద ఏ కెమెరా, ఏ ఫిల్టర్లు, ఏ రంగు దేనికిచ్చారు అన్న వివరం కూడా ఉంటుంది. ఆ నాలుగు లైన్లు చదవకుండా ఫొటో చూస్తే సగమే చూసినట్టు.

మరి ఇంత గొప్ప ఫొటోలు ఉచితంగా దొరుకుతుంటే డాబా ఎక్కడం ఎందుకు? చంద్రుణ్ణి తీసుకోండి. చంద్రయాన్-2లోని హై రిజల్యూషన్ కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు వస్తువును కూడా విడదీసి చూపగలదు. మన ఆరంగుళాల టెలిస్కోపుకు మామూలు రాత్రుల్లో సుమారు రెండు కిలోమీటర్ల గుంట కనపడితే గొప్ప. వివరం కోసమైతే ఫొటోదే గెలుపు, అనుమానం లేదు. కానీ సప్తమి, అష్టమి నాటి చంద్రుడి మీద వెలుగుకూ చీకటికీ మధ్య గీత దగ్గర ఒక గంట కన్ను ఆనించి చూడండి. నల్లటి నీడలోంచి ఒక కొండ కొస మెల్లగా వెలిగి పైకి వస్తుంది. గురుగ్రహం పక్కన నిన్న కుడివైపు ఉన్న దాని ఉపగ్రహం ఇవాళ ఎడమవైపు ఉంటుంది. ఆకాశం కదులుతోందన్న సంగతి ఫొటో చెప్పదు, ఎవరికి వాళ్లు చూసి తెలుసుకోవాల్సిందే.

ముందు మన ఊరి ఆకాశం ఎలాంటిదో చూడాలి

ఏది కొనాలో పరికరం కంటే ఎక్కువగా ఊరే నిర్ణయిస్తుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత 2014 అక్టోబర్‌లో కరెంటు లేక నగరమంతా చీకటైన సాయంత్రాలు గుర్తున్నవాళ్లకు, మామూలు రోజుల్లో వీధి దీపాలు ఎన్ని చుక్కలను మింగేస్తున్నాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వీధుల్లో పసుపు సోడియం దీపాలు పోయి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాయి. సోడియం దీపాల వెలుగు కొన్ని రంగుల్లోనే ఉండేది కాబట్టి దాన్ని ఆపే ఫిల్టర్లు ఉండేవి. ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లో పరచుకుని ఉంటుంది, ఆ పాత ఫిల్టర్లు దీన్ని పెద్దగా ఆపలేవు. ఎవరైనా 'లైట్ పొల్యూషన్ ఫిల్టర్' అంటగట్టబోతే ఇది గుర్తుంచుకోండి.

మనకున్న వరం సముద్రం. పోర్టు, స్టీల్ ప్లాంట్ వైపు ఆకాశం రాత్రంతా ఎర్రబారి ఉంటుంది. రుషికొండ, భీమిలి తీరాల నుంచి దక్షిణం, తూర్పు వైపు చూస్తే మాత్రం లంగరేసిన ఓడల దీపాలు తప్ప వేరే వెలుగు ఉండదు. మనం 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. అందువల్ల ఢిల్లీవాళ్లకు నేలకు దగ్గరగా కనిపించే ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మనకు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఇంగ్లండ్ నుంచి అయితే అసలే కనపడదు. మే నెల రాత్రుల్లో అది నేరుగా సముద్రం మీదే ఉంటుంది.

ఇక వాతావరణం. జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బులే. పాలపుంత నడిబొడ్డు సాయంత్రాల్లో దక్షిణాన ఎత్తుగా కనిపించేది సరిగ్గా ఆ వానాకాలంలోనే, అదే మన దురదృష్టం. దాన్ని చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున లేవాలి. అదీ నగరం నుంచి కుదరదు, అరకు లాంటి చోటికి వెళ్లాలి. దాదాపు 115 కిలోమీటర్ల ప్రయాణం, సుమారు 900 మీటర్ల ఎత్తు. చలికాలంలో అయితే అక్కడ తెల్లవారుజామున మంచు కమ్ముతుంది కాబట్టి ఆ రోజుల్లో రాత్రి భోజనాల వేళకే చూడటం మొదలుపెట్టాలి.

బైనాక్యులరా, టెలిస్కోపా?

బైనాక్యులర్ మీద 10×50 అని ఉంటుంది. అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్స్ వ్యాసం 50 మిల్లీమీటర్లు. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది మహా అయితే 7 మిల్లీమీటర్లు. ఆ లెక్కన కంటి కంటే యాభై రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. ఐదు నుంచి పదివేల మధ్య మంచిదే వస్తుంది. కృత్తికలు, మన పెద్దవాళ్ల పిల్లలకోడి, ఒక్క చూపులో మొత్తంగా ఇమిడిపోతాయి. మామూలు టెలిస్కోపులో ఆ గుంపు సగం బయటికి పోతుంది. గోడకు మోచేతులు ఆనించి పట్టుకుంటే గురుగ్రహం నాలుగు పెద్ద చంద్రుళ్లూ కనిపిస్తాయి. గెలీలియో 1610లో చూసినవి అవే. అరకులో అయితే 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ కోలగా, మెత్తని వెలుగు ముద్దలా కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, బైనాక్యులర్ వాడేవాళ్లు ఆకాశాన్ని నేర్చుకుంటారు. రోహిణి ఎక్కడుంది, దానికి ఏ పక్క కృత్తికలున్నాయి, అగస్త్యుడు ఏ నెలలో ఎప్పుడు ఉదయిస్తాడు అన్నది చేతికి అలవాటవుతుంది. ఇది రాకుండా టెలిస్కోపు కొన్నవాళ్లు చంద్రుణ్ణి తప్ప వేరేదాన్ని వెతికి పట్టుకోలేక విసిగిపోతారు.

అయితే బైనాక్యులర్ శనిగ్రహం వలయాలను చూపలేదు, పది రెట్లు చాలవు. పిల్లలు మొదట అడిగేది ఆ వలయాలనే. అక్కడ టెలిస్కోపు కావాలి. 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచు తిప్పి దాదాపు మాయమయ్యాయి. ఇప్పుడు ఏటేటా కొంచెం కొంచెం తెరుచుకుంటూ 2032 నాటికి నిండుగా కనిపిస్తాయి. అంటే ఇప్పుడు టెలిస్కోపు కొన్నవాళ్లకు ముందున్నదంతా మంచి కాలమే.

టెలిస్కోపుల్లో డబ్బా మీద '525 రెట్లు' అని రాసి మూడు నాలుగు వేలకు అమ్మేవి వద్దు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలకు మించి పెద్దది చేసినా ఉపయోగం ఉండదు. 60 మిల్లీమీటర్ల దానికి 120 రెట్లే హద్దు. వీటి స్టాండు ఇంకా ఘోరం, గాలి తగిలితే చాలు గ్రహం కంటి ముందు నుంచి ఎగిరిపోతుంది. ఆరంగుళాల డాబ్సోనియన్ ఖరీదు ఎక్కువే, ముప్పై నలభై వేల దాకా అవుతుంది. కానీ కొండలా కదలకుండా కూర్చుంటుంది. గురుగ్రహం పట్టీలు, శని వలయాలు, జంట నక్షత్రాలు వీధి దీపాల మధ్య నుంచి కూడా చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటికి వెలుగు కొరత లేదు. పైగా గాలి కదలని మన ఉక్కపోత రాత్రుల్లో చుక్కలు మసకగా ఉన్నా, గ్రహాలు మాత్రం వణకకుండా నిలబడతాయి. పగలంతా కాగిన డాబా శ్లాబు చల్లారేదాకా ఆగాలి, అంతే.

డాబా దొరకడమే అసలు సమస్య అయిన ఇళ్లున్నాయి. చాలా అపార్ట్‌మెంట్లలో పైకి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. లిఫ్టు చివరి అంతస్తు దాకే వస్తుంది, ఆ పైన మెట్ల మీద బరువైన గొట్టాన్ని మోయాలి. అది కుదరనివాళ్లకు డాబ్సోనియన్ ఎంత మంచిదైనా మేలు కాదు.

సూర్యుడి వైపు మాత్రం బైనాక్యులర్‌నైనా, టెలిస్కోపునైనా ముందు భాగంలో సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ తిప్పకండి. క్షణంలో చూపు పోతుంది.

ఈ ఊరికి టెలిస్కోపు కొత్తేమీ కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టించుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లడాన్ని ఇక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. డాబాగార్డెన్స్ మీదుగా రోజూ తిరిగే పిల్లలకు ఈ సంగతి చెప్పాలని నాకు చాలా కోరిక.

స్మార్ట్ టెలిస్కోపు

ఇది కన్ను పెట్టి చూసేది కాదు. సీస్టార్ లాంటివి తమంతట తామే నెబ్యులాను వెతికి, పదేసి సెకన్ల ఫొటోలు వందల కొద్దీ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఫోన్‌లో చూపిస్తాయి. సీతమ్మధారలో నిలబడి కూడా ఒరాయన్ నెబ్యులా రంగులు తెప్పించగలవు. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి ఎల్‌ఈడీల బెడద చాలావరకు తప్పించుకుంటాయి. ఖరీదు అరలక్షకు అటూ ఇటూ. గ్రహాలకు మాత్రం ఇవి పనికిరావు, గురుగ్రహం చిన్న చుక్కలాగే ఉంటుంది.

ఎలాగూ తెర మీదే చూసేటప్పుడు హబుల్ ఫొటోనే చూడొచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. తేడా ఏమిటంటే ఈ ఫొటో ఎలా తయారవుతుందో కళ్ల ముందే తెలుస్తుంది. మొదటి పది సెకన్లకు మరకలా ఉన్నది అరగంటకు ఆకారం దాలుస్తుంది. హబుల్ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక ఇంటికంటే బడికి, కాలేజీకి ఇది గొప్ప కొనుగోలు. ఒకేసారి ఇరవై మంది చూడొచ్చు. ఒక్కరే చూసుకునేవాళ్లకు మాత్రం దీన్ని మొదటి పరికరంగా నేను సిఫారసు చేయను. ఆకాశంలో వెతకడం అంతా అదే చేసేస్తుంది, మనకు చుక్కలు ఎప్పటికీ పరిచయం కావు.

చేతిలో ఉన్న ఫోన్ చాలదా అంటే, టెలిస్కోపు ఐపీస్‌కు (కన్ను ఆనించి చూసే లెన్సుకు) ఆనించి చంద్రుణ్ణి తీయడానికి బ్రహ్మాండంగా చాలుతుంది. ఫోన్ ఒక్కటే జూమ్ చేసి తీసిన చంద్రుడిలో గుంటలు మరీ స్పష్టంగా కనిపిస్తే, వాటిలో కొన్ని సాఫ్ట్‌వేర్ చేర్చినవి కావచ్చు.

ఉప్పుగాలి, బూజు

ఎంపికలో చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఇదే, వైజాగ్‌లో ముందు లెక్కించాల్సిందీ ఇదే. ఈ తేమకు లెన్సుల లోపల సాలెగూడులా బూజు పడుతుంది. బైనాక్యులర్ లోపల పడితే విప్పి శుభ్రం చేయించడం కష్టం, ఒక్కోసారి కొత్తది కొనడమే చవక. అందుకే రెండు మూడు వేలు ఎక్కువైనా లోపల నైట్రోజన్ నింపి, నీరు చొరబడకుండా మూసిన రకమే కొనండి. డాబ్సోనియన్ గొట్టం తెరిచే ఉంటుంది, ఉప్పుగాలికి అద్దం మీది పూత మెల్లగా పాడవుతుంది. కానీ అద్దాన్ని బయటికి తీసి కడగొచ్చు, కొన్నేళ్లకు మళ్లీ పూత వేయించొచ్చు. బీచ్‌కు తీసుకెళ్లి వచ్చిన రాత్రి ఏ పరికరాన్నైనా తడితో సంచిలో పెట్టేయకుండా, ఫ్యాన్ కింద ఆరబెట్టి, సిలికా జెల్ ప్యాకెట్లతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఆ ప్యాకెట్లను వానాకాలంలో నెలనెలా మార్చాలి.