మూడో గేరు కోసం కొన్న సివిక్, ఐదేళ్ళ తర్వాత

ముందే చెప్తున్నా, ఈ హోండా సివిక్‌ను నేను మూడో గేరు కోసం కొన్నాను. మిగతావన్నీ దాని వెంట వచ్చాయి. వాటిలో కొన్ని మంచివి, కొన్ని నడుం నొప్పి తెచ్చేవి.

ఏటూరునాగారం నుంచి ములుగు వైపు వచ్చే రోడ్డు తెలిసినవాళ్ళకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. గోదావరి ఇసుక నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి నలభైలో పోతుంటాయి. టార్పాలిన్ కింద నుంచి నీళ్ళు కారుతుంటాయి, అద్దం మీద ఇసుక రాలుతుంటుంది. ఎదురుగా కాసేపు రోడ్డు ఖాళీ అవుతుంది. మా స్విఫ్ట్ డీజిల్‌లో అయితే ఆ ఖాళీ కనపడగానే మనసులో లెక్క మొదలయ్యేది. ఇప్పుడు తొక్కితే టర్బో ఎప్పుడు అందుకుంటుంది? తీరా అందుకునే సమయానికి సగం లారీ పక్కన ఉంటాను, అప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు పోతుంది. సివిక్‌లో ఆ లెక్కే లేదు. మూడో గేరులో వేస్తే నలభై నుంచి నూట ఇరవై దాకా ఒకే గుక్కలో పోతుంది. కాలు ఎంత నొక్కితే అంతే ఇస్తుంది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక ఇంజను గొంతు మారుతుంది, అక్కడ గేరు మార్చబుద్ధి కాదు. స్పీడు అంకెలు డ్యాష్‌బోర్డు పైన, అద్దానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి చూపు రోడ్డు మీద నుంచి దిగదు. లారీ దాటాక నాలుగో గేరు వేస్తూ ఊపిరి వదులుతాను. ఐదేళ్ళయినా ఆ ముచ్చట తీరలేదు.

ఫ్రెండ్స్ ఎక్కితే ఒకటే అడుగుతారు: "వీటెక్ ఎప్పుడు తంతదిరా?" వీటెక్ అంటే ఇంజను వాల్వులు తెరిచి మూసే తీరును మార్చే హోండా ఏర్పాటు, అది అందుకోగానే బండి ఒక్కసారిగా దూకుతుందని వాళ్ళ ఆశ. తన్నదు. జపాన్‌లో అమ్మిన సివిక్ టైప్ ఆర్‌లో 225 పీఎస్ బలం ఉన్న రెండు లీటర్ల ఇంజను ఉండేది, తన్నేది అది, మన దగ్గరికి రాలేదు. మనకు 2006లో వచ్చింది 1.8 లీటర్లది, 132 పీఎస్. ఇందులో ఐ-వీటెక్ పని వేరు. మెల్లగా, బరువు లేకుండా పోతున్నప్పుడు గాలి లోపలికి వెళ్ళే వాల్వులను కొంచెం ఆలస్యంగా మూసి పెట్రోలు పొదుపు చేస్తుంది. మనం గట్టిగా తొక్కగానే అది పక్కకు తప్పుకుంటుంది. అంటే పిసినారితనం కోసం పెట్టిన పరికరాన్ని మనవాళ్ళు పికప్ కోసం మెచ్చుకుంటున్నారన్నమాట. ఈ సంగతి చెప్తే మా బ్యాచ్‌లో ఎవరికీ నచ్చదు.

కొన్నది 2021 జనవరిలో. అంతకు మూడు నెలల ముందే హైదరాబాద్‌లో పెద్ద వరద వచ్చింది, మునిగిన కార్లు కడిగి అమ్ముతున్నారని అందరూ భయపెట్టారు. అందుకే హైదరాబాద్ బండ్ల జోలికి పోలేదు. కరీంనగర్‌లో ఏపీ 15 నంబరుతో 2010 మాన్యువల్ ఒకటి దొరికింది. అయినా అనుమానం పోక సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూశాను, స్టెపిని తీసి గుంటలో చెయ్యి పెట్టాను, కార్పెట్ లేపి వాసన చూశాను. అమ్మే పెద్దాయన నవ్వుతూ, "బిడ్డా, పిల్లను చూసుడు గిట్లుంటదా?" అన్నాడు. టైమింగ్ చెయిన్ చప్పుడు విన్నాను, క్లచ్ చూశాను. సర్వీసు పుస్తకంలో షోరూం ముద్రలు వరసగా ఉన్నాయి. రెండు లక్షల డెబ్బై వేలకు తెగింది. మిత్సుబిషి లాన్సర్ సెడియా కూడా చూశాను. స్టీరింగ్ దానిదే బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాని సామాన్లు వరంగల్‌లో ఎవరి దగ్గర దొరుకుతాయని అడిగితే ముగ్గురు మెకానిక్‌లూ ఒకే రకంగా తల అడ్డంగా ఊపారు.

ఆ పుస్తకంలో నేను చూడనిది ఒకటుంది. ముద్రలు 2016తో ఆగిపోయాయి. మొదటి పేజీలు చూసి మురిసిపోయి పుస్తకం మూసేశాను. ఆ పొరపాటుకు వడ్డీతో సహా కట్టింది 2022 మేలో.

అమ్మకు మొక్కు ఉంటే మేడారం పోయాం. జాతర ఫిబ్రవరిలోనే అయిపోయింది కాబట్టి జనం లేరు. నిలువెత్తు బంగారం, అంటే అమ్మ బరువుకు సరిపడా బెల్లం, డిక్కీలో పెట్టుకుని వెళ్ళి, అప్పజెప్పి, మిగిలిన ముద్ద తీసుకుని బయల్దేరాం. తాడ్వాయి దాటి అడవిలో పోతుంటే ఏసీ గాలి వెచ్చబడింది. గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. స్పీడు అంకెల పక్కన టెంపరేచర్ గీతలు ఉంటాయి, ఏడాదిన్నరలో అవి కదలడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూస్తే రెండు గీతలు పెరిగాయి, చూస్తుండగానే మూడోది కూడా. ఇంజను వేడెక్కితే ఈ బండి తనంతట తానే ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. వెచ్చటి గాలి అందుకే. అది తెలియక ఇంకో కిలోమీటరు నడిపాను.

ఆపి బానెట్ లేపితే ఆవిరి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అమ్మ ఇప్పచెట్టు కింద కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది, నన్నేమీ అనలేదు. అననందుకే ఎక్కువ టెన్షన్ పడ్డాను. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే బైకు మీద పోతున్న ఒకాయన ఆగి అరిచాడు: "అన్నా, ఇప్పకు, ఇప్పకు! మొకం కాల్తది!" అరగంట ఆగమన్నాడు. వెళ్ళి ఇరవై లీటర్ల డబ్బాలో చేతిపంపు నీళ్ళు తెచ్చాడు. చల్లారాక మెల్లగా పోస్తే పదకొండు లీటర్లు పట్టింది. పట్టింది అంటే సగం పైన పోస్తే సగం కింద కారింది. పక్కన ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిసే చోట వెంట్రుకంత పగులు. బైకు ఆయనకు డబ్బులిస్తే తీసుకోలేదు. అమ్మ బెల్లం ముద్ద విరిచి చేతిలో పెడితే కళ్ళకు అద్దుకుని నోట్లో వేసుకుని పోయాడు.

పస్రా దాకా ఎలా వచ్చామంటే, హీటర్ ఫుల్‌గా పెట్టుకుని. ఇంజను వేడిని హీటర్ కొంత లోపలికి లాగేస్తుంది, రేడియేటర్ మీద భారం తగ్గుతుంది. బయట మే నెల ఎండ, లోపల హీటర్, అద్దాలు నాలుగూ దించి. అమ్మ అప్పుడు నోరు విప్పింది: "ఎండకాలంల కుంపటి ఒళ్ళె పెట్టుకొని పోతున్నమారా?" ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆపి, డబ్బాలో మిగిలిన నీళ్ళు పోసి, మళ్ళీ కదిలించి, గంటకు పైగా పట్టింది.

పస్రాలో దొరికింది ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. ఆ అబ్బాయి సివిక్ బానెట్ ఎప్పుడూ లేపినట్టు లేదు, కానీ రేడియేటర్ ఏదైనా రేడియేటరే. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఎం-సీల్ రెండు ముద్దలు కలిపి, జంతికల పిండి పిసికినట్టు పిసికి, వేలితో నొక్కి అద్దాడు. గంటన్నర ఆరనిచ్చాడు. పోయేటప్పుడు ఒక మాట చెప్పాడు: "మూత పూర తిప్పకన్నా, సగం మీదనే ఉంచు. ప్రెషర్ పడ్డదంటే మల్ల లేస్తది." ఆ మాట విని అరవై దాటకుండా, ములుగు దగ్గరి గట్టమ్మ గుడి దగ్గర ఒకసారి ఆగి, రాత్రి పదింటికి హనుమకొండ చేరాం. మూడో గేరు కోసం కొన్న కారును ఆ రోజు మూడో గేరులో నిజంగానే నడిపాను, ఎద్దుబండిలా.

మరునాడు మా మెకానిక్ రేడియేటర్ విప్పి వంచితే డికాక్షన్ రంగు నీళ్ళు పడ్డాయి. లోపలి సన్న గొట్టాల్లో సగం ఉప్పు పేరుకుని మూసుకుపోయాయి. మా దగ్గర బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ఇది. షోరూం మానేశాక ఎవరో కూలెంట్ బదులు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశారు. కూలెంట్ రంగు నీళ్ళు కాదు, అది తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని పెంచుతుంది. ఆ పని చేసినవాళ్ళను తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. సీటు బెల్టు చివరిదాకా లాగి చూసినవాణ్ణి, చల్లటి ఇంజను మీద రేడియేటర్ మూత ఒక్కటి తిప్పి చూసి ఉంటే ఆ రంగు అప్పుడే కనిపించేది.

నా భయం హెడ్ గ్యాస్కెట్ గురించి, అంటే ఇంజనుకూ దాని పైన ఉండే హెడ్డుకూ మధ్య నీళ్ళు, ఆయిల్ కలవకుండా ఆపే సీలు. మెకానిక్ ఆయిల్ మూత తీసి వెనక్కి తిప్పి చూపించాడు. నీళ్ళు ఆయిల్‌లో కలిస్తే అక్కడ మజ్జిగ నురగలా తెల్లగా ఉంటుందట. శుభ్రంగా ఉంది. కంప్రెషన్ కూడా చూశాడు, నాలుగు సిలిండర్లూ బాగున్నాయి. "ఇంకో రెండు కిలోమీటర్లు గుంజితే హెడ్డు వంకర పోతుండె" అన్నాడు. రేడియేటర్, థర్మోస్టాట్, పైపులు, కూలెంట్, కూలీ కలిపి పద్నాలుగు వేలు. ఇంజను విప్పాల్సి వస్తుందని మనసులో యాభై వేలు పక్కన పెట్టుకున్నవాడికి అది పండగ లెక్క. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ గీతలు మళ్ళీ కదల్లేదు. ఆదివారం పొద్దున చాయ్ కంటే ముందు నేను చూసేది మాత్రం కూలెంట్ డబ్బానే.

బండి నేలకు ఎంత ఎత్తులో ఉంటుందని అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు, తక్కువే. బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించడం వారంలో వచ్చేస్తుంది. మన ఊళ్ళలో సీసీ రోడ్డు మీద ఇంటికొకటి చొప్పున ఎవరికి వాళ్ళు పోసుకున్న బ్రేకర్లు ఉంటాయి చూశారా, అక్కడ వెనక కూర్చున్నవాళ్ళను దించాల్సిందే. అసలు చిక్కు కోతల కాలంలో. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రాత్రి పూట ఆ రాయి బొలేరోకు లెక్క కాదు, నా బండికి మాత్రం బంపర్ ఖర్చు. నవంబరులో, ఏప్రిల్‌లో ఊరికి స్విఫ్ట్ తీసుకుపోతాను.

అవును, స్విఫ్ట్ ఇంకా ఉంది. దాన్ని అమ్మేసి సివిక్ కొనాలన్నదే మొదటి ఆలోచన. కానీ అమ్మ మోకాళ్ళకు ఈ సీటు మరీ కిందికి. "బాయిల దిగినట్టు దిగాలె" అంటుంది, లేచేటప్పుడు నా భుజం పట్టుకోవాలి. మేడారం తర్వాత ఆమె సివిక్ ఎక్కింది నాలుగుసార్లు కూడా ఉండదు.

ఇంకొకటి కూడా సరిచేయాలి. పైన మూడో గేరు గురించి రాసిందంతా నేను ఒక్కణ్ణే ఉన్నప్పటి మాట. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, రెండు వేల ఆర్‌పీఎంలో నొక్కితే ఏమీ జరగదు. గేరు కిందికి దించి ఇంజనును అరిపించాలి, ఇంట్లోవాళ్ళు అప్పుడు నా వైపు చూస్తారు. ఆ పరిస్థితిలో నేను తిట్టుకున్న పాత టర్బో డీజిలే హాయి. మైలేజీ ఊళ్ళో తొమ్మిది, హైదరాబాద్ రోడ్డు మీద పదమూడు. బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ వచ్చాక ఇంకాస్త తగ్గినట్టే ఉంది.

2025లో పదిహేనేళ్ళు నిండాయి. ఫిట్‌నెస్ చేయించి ఇంకో ఐదేళ్ళకు ఆర్‌సీ తెచ్చుకున్నాను. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఆర్‌సీ రెన్యువల్ ఫీజు ఆరు వందల నుంచి ఐదు వేలయింది. దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. ఇప్పుడు ఇలాంటి బండి చూసేవాళ్ళు ధరలో ఇది కూడా కలుపుకోవాలి.

కొనాలా అంటే, నాకు ఇంట్లో రెండో బండి ఉంది, ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, ఫోన్ ఎత్తే మెకానిక్ ఉన్నాడు. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా నేను కొనేవాణ్ణి కాదేమో. మొన్న పరకాల నుంచి మా బావమరిది వచ్చి బేరం పెట్టాడు. తాళాలిచ్చి ములుగు దాకా తిప్పి రమ్మన్నాను. తిరిగొచ్చి కారు గురించి ఒక్క మాట మాట్లాడకుండా, "బావా, స్విఫ్ట్ ఎంతకిస్తవ్?" అన్నాడు. అది అమ్మది, అమ్మనే అడగమన్నాను.