సప్తగిరి సర్కిల్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు, నా రివ్యూ

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి కొంచెం లోపలికి పోతే మేడ మీద ఒక చిన్న స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుంది, సాయంత్రం బ్యాచ్‌లో నేనూ మా చెల్లెలూ చేరినాం, తను ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో పోయేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష) రాయాల. ఎట్లుందక్కా అని శానా మంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

ఈ సార్ గ్రామర్ బోర్డు మీద నింపేసి రాసుకోండి అనే రకం కాదు. మీ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పండి అంటారు, అంతే, ఎ ఎక్కడ రావాల, ది ఎక్కడ రావాల, టు నా విత్ నా అన్నీ అందులోనే బయటపడతాయి. ధర్మవరం నుంచి రైల్లో వచ్చే అబ్బాయి ఒకడు 'మై సిస్టర్ ఈజ్ మ్యారీడ్ విత్ ఎ టీచర్' అన్నాడు, సార్ మధ్యలో ఆపకుండా చెప్పేదంతా చెప్పనిచ్చి, తర్వాత 'మ్యారీడ్ టు' అనాల నాయనా అని వానితోనే మళ్లీ చెప్పించినారు. ఆ ఓపిక నాకు బలే నచ్చింది.

ఇంకోటి, ఇద్దరు అక్కలున్న పిల్లోడు 'ఐ యామ్ యాన్ ఓన్లీ చైల్డ్' అనకూడదు, ఎందుకంటే దానికి అక్కచెల్లెళ్లు అన్నదమ్ములు ఎవరూ లేరని అర్థం, వాడు 'ది ఓన్లీ సన్' అనాల. మరి నలుగురు కొడుకుల్లో ఒకడైతే ఏమనాల అని మా చెల్లెలు అడిగింది, అప్పుడు కూడా 'ది సన్ ఆఫ్ ఎ ఫార్మర్' అంటే తప్పు కాదంట, ఎంతమంది కొడుకులున్నా ఇంగ్లీష్‌లో అట్లనే అంటారంట. ఇంత స్పష్టంగా మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

మన వైపు మేనరికాలు ఎక్కువ కదా, ఒకమ్మాయి వాళ్ల అక్కను మేనమామకే ఇచ్చినారు, అది ఇంగ్లీష్‌లో ఎట్ల చెప్పాలో తెలీక పాపం బిక్కమొహం వేసింది. అంకుల్ అంటే చిన్నాయనో మామో తెలీదు, బ్రదర్ ఇన్ లా అంటే బావో మరిదో తెలీదు, అందుకే సార్ విడదీసి చెప్పమన్నారు: 'మై సిస్టర్ ఈజ్ మ్యారీడ్ టు అవర్ మదర్స్ యంగర్ బ్రదర్'. మై, అవర్ వచ్చినాక ముందర ఎ గానీ ది గానీ పెట్టొద్దని కూడా అక్కడే చెప్పినారు. అమ్మ తరపు చుట్టాలైతే 'ఆన్ మై మదర్స్ సైడ్', ఇన్ కాదు.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ మొదటి పార్ట్ 4-5 నిమిషాలుంటుంది, ఇల్లు, ఫ్యామిలీ, చదువు ఇట్లాంటివే అడుగుతారు, కాబట్టి ఆ పరీక్ష రాసేవాళ్లకు ఈ ప్రాక్టీసు నేరుగా పనికొస్తుంది.

బాగాలేనివి కూడా చెప్తా. ఇచ్చే జెరాక్స్ నోట్సు మసకగా ఉంటుంది, సాయంత్రం బ్యాచ్‌లో జనం ఎక్కువై కొన్నిసార్లు మాట్లాడే వంతే రాదు, బండి పెట్టుకునే జాగా అసలు లేదు. రాత పరీక్షకు గ్రామర్ మొత్తం కావాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. మాట్లాడటం కోసమైతే మాత్రం కళ్లు మూసుకుని చేరండి, వీలైతే పొద్దున బ్యాచ్ అడగండి, అందులో జనం తక్కువ.