బోర్డో పేస్ట్: తొమ్మిదేళ్లు పూశాక నా మాట

బత్తాయి చెట్ల మొదళ్లకు తొమ్మిదేళ్లుగా బోర్డో పేస్ట్ (రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపి చేసే పూత మందు) పూస్తున్నాను. మొదలు దగ్గర బెరడు కుళ్లి బంక కారే బంక తెగులుకు పనిచేస్తుందా అంటే, బెరడుకు బాగా పనిచేస్తుంది, వేరుకు మాత్రం చేయదు. ఈ తేడా తెలియక మొదట్లో నాలుగు చెట్లు పోగొట్టుకున్నాను. మొదళ్లకు నీలం పూత చెక్కుచెదరలేదు, పైన ఆకులేమో పసుపు తిరిగి రాలిపోయాయి. తవ్వి ఒక పీచువేరు పట్టి లాగితే పైతోలు మొత్తం చేతికి ఊడొచ్చి లోపల దారంలాంటి పోగు మిగిలింది. ఆ రోజు చాలా బాధేసింది.

ఈ తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా అసలు శిలీంధ్రం కాదు, నీటి బూజు జాతి. దాని బీజాలకు రెండు తోకలుంటాయి, నేలలో నిలిచిన నీళ్లలో ఈదుకుంటూ వేరు దగ్గరికి చేరతాయి. అందుకే నీళ్లు మొదలుకు తగిలేలా పెడుతూ ఎంత పేస్ట్ పూసినా దండగే. మొదలు చుట్టూ ఒక కట్ట, దానికి దూరంగా ఇంకో కట్ట వేసి ఆ రెంటి మధ్యలోనే నీళ్లు పారించడం మొదలుపెట్టాక కొత్తగా బంక కారే చెట్లు బాగా తగ్గాయి. సగం ఫలితం ఆ కట్టలదే అంటాను.

తయారీ కష్టమేం కాదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, మొత్తం 10 లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి మెల్లగా పోస్తూ కర్రతో తిప్పాలి. శుభ్రమైన ఇనుప కత్తి కాసేపు ముంచి చూడండి, ఎర్రటి పొర పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. పాత సున్నం వాడినప్పుడు నాకు అలాగే అయింది. చేసిన రోజే వాడెయ్యాలి. పూసే ముందు బంక కారే చోట గోధుమరంగు బెరడంతా, మంచి బెరడు కనబడేదాకా గోకాలి, ఆ పెచ్చులు తోటలో వదలకుండా తగలబెట్టాలి. చాలామంది ఈ గోకుడు ఎగ్గొట్టి పేస్ట్‌ను తిడతారు. వానలకు ముందోసారి, తర్వాత ఇంకోసారి పూయడం తప్పదు, వానకు కొంత కడుక్కుపోతుంది.

వేళ్ల కోసం ఫోసిటైల్ అల్యూమినియం అనే తెగులు మందు లీటరుకు 2.5 గ్రాములు కలిపి ఆకుల మీద కొడతాను, అది ఆకు నుంచి వేరు దాకా దిగుతుంది. బోర్డో లాంటి రాగి మందుతో మాత్రం కలపొద్దు. బోర్డో కొట్టిన వారానికే ఇది కొట్టి లేత ఆకులు మాడ్చుకున్నాను, అమ్మిన షాపులో ఒక్కరూ హెచ్చరించలేదు. మెటలాక్సిల్ అనే ఇంకో మందు త్వరగా పట్టు చూపిస్తుంది, కానీ ఏటా అదే వాడితే తెగులు దానికి అలవాటు పడిపోతుంది.

చెట్లు పోయిన ఆ నాలుగు చోట్లా ఈసారి జంబేరి నిమ్మ వేరుమొక్క మీద కట్టిన అంట్లు పెట్టలేదు. ఈ తెగులును ఇంకాస్త తట్టుకునే రంగపూర్ నిమ్మ మీద కట్టినవి తెచ్చి, మట్టి దిబ్బ చేసి, అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైనే ఉండేలా నాటాను. పేస్ట్ వాటికీ పూస్తున్నాను.