సోలార్ ప్యానెళ్ళు కడగడానికి బోరు నీళ్ళా, క్యాను నీళ్ళా, పొడి బ్రష్షా: ఏది మేలు?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మిద్దె మీది ప్యానెళ్ళను వాటంతటవే కడిగిపెడతాయి. సంక్రాంతి దాటాక ఆ పని మనమీద పడుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువమంది చేసేది ఒక్కటే: బోరు మోటారు వేసి, పైపుతో పైనుంచి కొట్టి దిగిపోవడం. పని పది నిమిషాల్లో అయిపోతుంది, నీళ్ళకు కొదవ ఉండదు. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

దర్శి, కనిగిరి వైపు బోరు నీళ్ళు ఎంత చవుడో కుళాయి మూతికి పట్టే తెల్ల పొక్కు చూస్తేనే తెలుస్తుంది. అదే కాల్షియం, మెగ్నీషియం గాజు మీదా మిగిలిపోతాయి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఉండిపోతుంది. మొదటి రెండు మూడు నెలలు కంటికి ఏమీ కనబడదు. తర్వాత వేలితో రాస్తే గరుకు తగులుతుంది. ఆ గరుకు మీద దుమ్ము ఇంకా తొందరగా పట్టుకుంటుంది, అందుకని మరింత తరచుగా కడుగుతారు, పొక్కు ఇంకా మందమవుతుంది. దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ వాడితే గాజు మీద వెలుతురు తిరిగిపోకుండా వేసిన పలుచని పూత, అల్యూమినియం ఫ్రేము రెండూ పాడవుతాయి. బోరు నీళ్ళకు బిగించిన స్ప్రింక్లర్లు ఇంకా చేటు. ప్రతి చుక్కా ఉన్నచోటే ఆరి మచ్చ కడుతుంది, తుడిచే చెయ్యి ఉండదు.

మంచినీళ్ళు చాలా కావాలనుకుంటారు గానీ అవసరం లేదు. 3 కిలోవాట్ల సెట్టుకు 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు, అంటే సుమారు 15 చదరపు మీటర్ల గాజు. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను ఒకటి సరిపోతుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళు కూడా బాగా పనికొస్తాయి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు. అవి బోరు నీళ్ళకన్నా చవుడు.

పొడి బ్రష్షు సంగతి ఊరిని బట్టి ఉంటుంది. లోపలి ఊళ్ళలో నిన్నా మొన్నా వాలిన వదులు దుమ్ముకు మెత్తని నైలాన్ బ్రష్షు చాలు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి పడేచోట పొడిగా రుద్దితే గాజు గీసుకుపోతుంది. కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పు గాలి, తెల్లవారుజాము మంచు కలిసి దుమ్మును జిగురు చేస్తాయి. అక్కడ పొడి బ్రష్షు మురికిని పులమడమే తప్ప తియ్యదు.

ఇన్నీ చూశాక మేం మేలనేది బోరు నీళ్ళు, మంచినీళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వాడే పద్ధతి. ముందు బోరు నీళ్ళతో దుమ్మంతా తడిపి, మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి తోసి కడగాలి. అది ఆరకముందే ఒక్కో ప్యానెలుకు మూడేసి లీటర్ల మంచినీళ్ళు పోసి, రబ్బరు వైపర్‌తో లాగెయ్యాలి. కింది ఫ్రేము అంచున నీరు నిలుస్తుంది, అక్కడ గుడ్డతో అద్దాలి. బోరు నీళ్ళు మరీ చవుడైతే మొదటి కడుగు కూడా మంచినీళ్ళతోనే చెయ్యండి. సబ్బు పొడి వద్దు, దాని పొర దుమ్మును పట్టుకుంటుంది. సర్వీస్ స్టేషన్ ప్రెషర్ గన్ అసలే వద్దు, అంచుల సీలు ఊడి లోపలికి తేమ పోతుంది.

ఎండెక్కక ముందే పని ముగించాలి. కాలిన గాజు మీద చల్లని నీళ్ళు పడితే పగలొచ్చు. ముందు ఇన్వర్టర్ నుంచి ఇంటికి కరెంటు వెళ్ళే వైపు స్విచ్చు (ఏసీ ఎంసీబీ), తర్వాత ప్యానెళ్ళ నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే వైపు స్విచ్చు (డీసీ ఐసోలేటర్) ఆపాలి. అయినా వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెళ్ళలో కరెంటు ఉంటుంది. వరుసగా కలిపిన ఆరింటికి 300 వోల్టుల దాకా వస్తుంది. ఎలుక కొరికిన వైరు, పగిలిన కనెక్టరు కనిపిస్తే నీళ్ళు పొయ్యకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్యానెలు మీద కాలు పెట్టొద్దు. పైకి కనపడకపోయినా లోపల కరెంటు పుట్టించే పలుచని బిళ్ళ, అంటే సెల్లు, చిట్లుతుంది.

పరుచుకున్న దుమ్ముకన్నా కాకి రెట్ట ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక్క సెల్లు పూర్తిగా కప్పుకుపోతే అది వేడెక్కుతుంది, కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడు పనిచేసి ప్యానెలులో మూడో వంతు పక్కకు తప్పుకుంటుంది. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే అదే నానుతుంది, గీకొద్దు.

ఎన్నాళ్ళకోసారి కడగాలో మీ ఇన్వర్టర్ యాప్ చెబుతుంది. మబ్బు లేని రెండు రోజులు, కడగక ముందొకటి, కడిగాక ఒకటి, యూనిట్లు రాసుకోండి. మంచి ఎండరోజు 12 యూనిట్లిచ్చే సెట్టులో తేడా అర యూనిట్‌ లోపే ఉంటే గడువు ఇంకో వారం పెంచొచ్చు. యూనిట్ దాటితే తగ్గించండి.